వంశవృక్షం చార్టు చేయించుకున్న అనుభవం: మా బాబాయి బాపమ్మకు నాలుగో కొడుకైపోయాడు

మా బాపమ్మకు, అంటే మా నాన్నమ్మకు, ఎనభై ఏళ్లు నిండుతున్నాయి, ఏదైనా గుర్తుండిపోయేది ఇద్దామని ఇంట్లో అందరం అనుకున్నాం. చీరలు, వెండి గ్లాసులు ఆమె బీరువాలో కవర్లు కూడా విప్పకుండా అలాగే ఉన్నాయి. వంశవృక్షం వేయించి ఫ్రేము కట్టించి ఇద్దామని నేను అన్నాను, డబ్బులు తలా కొంత వేసుకున్నాం, పని మాత్రం నా మీద పడింది. సికింద్రాబాద్ వైపు ఆఫీసు ఉన్న ఒక చిన్న సంస్థ ఈ పని చేస్తుందని తెలిసి వాళ్లకు ఇచ్చాను. ఇంటికి మనిషిని పంపి పెద్దవాళ్లను అడిగి రాసుకుంటారు, దాన్ని తమ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తారు, మూడడుగుల వెడల్పు నాలుగడుగుల ఎత్తు కాన్వాస్ మీద ప్రింటు వేసి ఇస్తారు. సంస్థ పేరు రాయడం లేదు. తప్పులు చూపించినప్పుడు వాళ్లు వాదించకుండా విన్నారు, మారుస్తామన్నారు, కొన్ని మార్చారు కూడా. కానీ ఇలాంటి సర్వీసు ఎవరి దగ్గర తీసుకున్నా ఇవే చిక్కులు వస్తాయని నాకు గట్టిగా అనిపిస్తోంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. అరవై మంది వరకు 8,000, ఆపైన ఒక్కో మనిషికి 50 రూపాయలు. మా లెక్క 94 మందికి తేలింది. మూడు వారాల్లో ఇస్తామన్నారు, ఏడు వారాలు పట్టింది, ఫంక్షన్‌కి రెండు రోజుల ముందు చేతికొచ్చింది. ఆ చివరి వారం నాకు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

అన్నిటికంటే బాగున్నది ఇంటికొచ్చిన అమ్మాయి. ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్లు ఉంటాయేమో. వనస్థలిపురంలో మా ఇంటికి మూడు సార్లు వచ్చింది, వచ్చినప్పుడల్లా రెండు గంటలకు తక్కువ కూర్చోలేదు. మొదటిరోజు గుమ్మంలో అడుగుపెట్టగానే మా బాపమ్మ "ఏ ఊరు బిడ్డా మీది?" అని అడిగితే, ఊరి పేరు, తాత పేరు, వాళ్లమ్మ పుట్టినూరు అన్నీ ఓపిగ్గా చెప్పింది. పది నిమిషాల్లో బాపమ్మ ఆ అమ్మాయికి ఏదో దూరపు వరస కలిపేసింది, అప్పటినుంచి ఆ అమ్మాయి కూడా "బాపమ్మా" అనే పిలిచింది. వరస కలవకముందు మా బాపమ్మ ఎవరికీ ఏమీ చెప్పదు. ఆ అమ్మాయికి అది తెలుసు, ఆమె చేతిలో ఉన్న ట్యాబ్‌కి తెలియదు.

ట్యాబ్‌లో ప్రతి మనిషికీ పుట్టిన తేదీ అడుగుతుంది. కరీంనగర్ జిల్లా పల్లెటూళ్లో పుట్టిన ఎనభై ఏళ్ల మనిషి తన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పుట్టిన తేదీలు ఎక్కడి నుంచి తెచ్చి చెబుతుంది? తేదీ లేకపోతే సాఫ్ట్‌వేర్ "సోదరుడు", "సోదరి" అని వేసేస్తుంది. అవి పుస్తకాల్లో మాటలు, ఇంట్లో ఎవరైనా "సోదరా, అన్నం తిను" అంటారా? మనకు వాడుకలో అన్న ఉన్నాడు, తమ్ముడు ఉన్నాడు, ఆ రెండూ కాని మామూలు బ్రదర్ లేడు. పెద్దవాడో చిన్నవాడో తెలిస్తే తప్ప ఆ మనిషిని పిలవడానికి మాటే దొరకదు. ఆ అమ్మాయి ట్యాబ్ పక్కన పెట్టి నోట్‌బుక్ తీసింది. "రజాకార్ల గడబిడప్పుడు నువ్వెంత ఉన్నవ్ బాపమ్మా?" అని అడిగింది. "నేను చంకల పిల్లను, మా అన్న గొడ్లు కాసేటోడు, మా నడిపి చెల్లె పోలీసు యాక్షన్ అయినంక పుట్టింది, చిన్నది మొదటి ఓట్లు పడ్డ ఏడు పుట్టింది" అని బాపమ్మ గడగడా చెప్పేసింది. అంటే 1948 సెప్టెంబర్‌కి అటూ ఇటూ, తర్వాత 1952. తేదీ ఒక్కటీ లేకుండా నలుగురి వరస తేలిపోయింది. ఈ పనికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

ఇక మొదటి డ్రాఫ్టు. అది చూసి ఇంట్లో అందరం కాసేపు మాట్లాడలేదు. మా నాన్న వాళ్లది కరీంనగర్ వైపు, మా అమ్మది గుంటూరు. అందుకని మా ఇంట్లో నాన్న తమ్ముణ్ని "కాక" అంటాం, అమ్మ చెల్లెలి భర్తను "బాబాయి" అంటాం. రెండు ప్రాంతాల మాటలు ఒకే ఇంట్లోకి రావడం వల్ల మాకు ఆ ఇద్దరికీ వేర్వేరు మాటలు దొరికాయి. చాలా ఇళ్లలో అలా ఉండదు, ఇద్దరూ బాబాయిలే. సాఫ్ట్‌వేర్ లిస్టులో "కాక" లేదు. ఆ అమ్మాయి ఇద్దరికీ "బాబాయి" నొక్కింది. బాబాయి అంటే నాన్న తమ్ముడే అని సాఫ్ట్‌వేర్‌కి ఎవరో నేర్పినట్టున్నారు, అది తీసుకెళ్లి మా పిన్ని భర్తను, తెనాలిలో పుట్టి పెరిగిన మనిషిని, మా బాపమ్మ కొడుకుల వరసలో నాలుగో వాడిగా కూర్చోబెట్టింది. బాపమ్మ కళ్లద్దాలు పెట్టుకుని వేలితో లెక్కపెట్టి, "నాకు ముగ్గురే కొడుకులు గదనే, గీ నాలుగోటాయన ఎవరు?" అంది.

ఇది టైపింగ్ తప్పు కాదు. నేను అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివిన రోజుల్లో సోషియాలజీలో ఈ చుట్టరికాల చాప్టరు బట్టీ పట్టాను, దాని అర్థం ఇన్నేళ్లకు ఈ చార్టు చూస్తే తెలిసింది. తెలుగులో నాన్న అన్నదమ్ములు, అమ్మ అక్కచెల్లెళ్ల భర్తలు ఒకే గూట్లో ఉంటారు: పెదనాన్నలు, బాబాయిలు. అమ్మ అక్కచెల్లెళ్లు, నాన్న అన్నదమ్ముల భార్యలు ఇంకో గూట్లో: పెద్దమ్మలు, పిన్నులు. వీళ్లందరి పిల్లలూ మనకు అన్నలు, తమ్ముళ్లు, అక్కలు, చెల్లెళ్లు. అటువైపు అమ్మ అన్నదమ్ములు, నాన్న అక్కచెల్లెళ్ల భర్తలు మామలు. నాన్న అక్కచెల్లెళ్లు, అమ్మ అన్నదమ్ముల భార్యలు అత్తలు. వాళ్ల పిల్లలు బావలు, మరదళ్లు, వదినలు, మరుదులు. అమ్మ వైపా నాన్న వైపా అన్నది ఇక్కడ గీత కాదు. పిల్లనిచ్చి పుచ్చుకునే వరస ఉందా లేదా అన్నదే గీత. ఫార్ములో "తండ్రి తరఫు, తల్లి తరఫు" అని రెండు గడులు పెట్టుకుని కూర్చుంటే తెలుగువాళ్ల ఇల్లు అందులో పట్టదు.

అమెరికాలో లూయీ హెన్రీ మోర్గన్ అనే న్యూయార్క్ రాష్ట్రపు లాయరుకు ఇది ఎప్పుడో దొరికింది. అక్కడి సెనెకా తెగవాళ్లు నాన్న అన్నదమ్ముణ్ని కూడా నాన్న అనే మాటతోనే పిలుస్తారని గమనించి, ఆయన ప్రపంచమంతా ప్రశ్నపత్రాలు పంపించాడు. మన దేశం నుంచి తమిళం, తెలుగు మాటల పట్టికలు వెళ్లాయి, చూస్తే సెనెకా పద్ధతికి చాలా దగ్గరగా ఉన్నాయి. 1871లో అచ్చు వేశాడు. దీన్ని బట్టి అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చారని రుజువైందనుకున్నాడు, చుట్టరికం మాటలతో అది రుజువు కాదు. కానీ చుట్టరికం మాటల్ని పట్టికగా వేస్తే ఒక సమాజం పెళ్లి, ఆస్తి ఎలా నడుపుకుంటుందో కనిపిస్తుందన్న దారి చూపించింది ఆయనే. తర్వాత 1953లో లూయీ ద్యుమోఁ అనే ఫ్రెంచాయన, దక్షిణాది మాటలు రక్తసంబంధం కంటే పెళ్లి సంబంధాన్నే చెబుతున్నాయని రాశాడు. మా కేసులో ఆయన మాట అక్షరాలా నిజమైంది, చెప్తాను.

మా పెద్ద అత్తమ్మ (మేనత్త) కొడుకు మా పెద్దబాపు (పెదనాన్న) కూతుర్ని చేసుకున్నాడు. మేనరికం. పెళ్లికి ముందు ఆయన మాకు బావ, పెళ్లయ్యాక అక్క మొగుడయ్యాడు, అప్పుడూ బావే. మా పెద్ద అత్తమ్మ మా అక్కకు ముందూ అత్తే, తర్వాతా అత్తే. మా పెద్దబాపు ఆయనకు ముందు మేనమామ, తర్వాత పిల్లనిచ్చిన మామ. అంత పెళ్లి జరిగితే ఇంట్లో ఒక్క పిలుపు కూడా మారలేదు. మాటలు ముందే సిద్ధంగా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఒకే మనిషి రెండు కొమ్మల్లో ఉండొచ్చన్న సంగతి తెలియదు. మా బావను బాపమ్మ కూతురి కొడుకుగా ఒక గడిలో, పెద్దబాపు అల్లుడిగా ఇంకో గడిలో వేసింది, అక్కనూ అలాగే రెండుసార్లు, వాళ్ల ఇద్దరు పిల్లల్నీ రెండుసార్లు. నాలుగు గడులు ఎక్కువ, నలుగురికి 50 చొప్పున 200 రూపాయలు బిల్లులో ఎక్కువ. డబ్బు వెనక్కి ఇచ్చారు. కానీ తెలుగు ఇళ్లలో ఈ తరంలో కాకపోయినా రెండు తరాల వెనక్కి వెళ్తే మేనరికం లేని ఇల్లు ఎక్కడుంటుంది? తెలుగువాళ్ల కోసమని చేసిన సాఫ్ట్‌వేర్‌లో రెండు కొమ్మలు కలిసే గీత లేకపోతే ఎలా?

ఇప్పుడు మేనరికాలు తగ్గాయి, పిల్లలకు జన్యు సమస్యలు రావచ్చని డాక్టర్లు చెబుతారు, మా తరంలో ఎవరూ చేసుకోలేదు, ఎవరైనా చేసుకోవాలని నేను కోరుకోను కూడా. 1955 హిందూ వివాహ చట్టం కూడా అన్నాచెల్లెళ్ల, అక్కాతమ్ముళ్ల పిల్లల మధ్య పెళ్లిని నిషిద్ధ సంబంధాల్లోనే పెట్టింది, ఆచారం ఉన్నచోట మాత్రం ఒప్పుకుంది. ఆ ఆచారం పోతున్నా మాట ఉండిపోయింది, దాంతో పాటు ప్రవర్తన కూడా ఉండిపోయింది. మేనత్త కొడుకుతో వేళాకోళం ఆడతాం, పెదనాన్న కొడుకుతో ఆడం. హైదరాబాద్ కాలేజీల్లో కుర్రాళ్లు ఒకణ్నొకడు "మామా", "బావా" అని పిలుచుకుంటారు, ఆ పిలుపులోని చనువంతా ఈ ఎకసెక్కాల వరస నుంచి వచ్చిందే. మా ఆఫీసులో లక్నో నుంచి వచ్చిన ఒకావిడ మామ కొడుక్కి రాఖీ పంపిస్తుంది, వాళ్లలో మామ కొడుకూ భాయే, చాచా కొడుకూ భాయే. నేను మా మేనమామ కొడుక్కి రాఖీ కడితే మా అమ్మమ్మ ఊరుకుంటుందా! ఈ తేడా అంతా "కజిన్" అన్న ఒక్క మాటలో మునిగిపోతుంది. మొదటి డ్రాఫ్టులో 31 మంది కింద "కజిన్" అని ఉంది, తెలుగు అక్షరాల్లో. వాళ్లలో అన్నలెవరో బావలెవరో చూసి చెప్పమని మా అమ్మాయిని అడిగితే చెప్పలేకపోయింది.

చార్టు సంస్థ ఆఫీసులో ఒకాయన "మేడమ్, ఇంగ్లీషులో అంకుల్ ఒక్కటే కదా, టెంప్లేట్ అక్కడిది" అన్నారు. నిజమే, కానీ ఇంగ్లీషు కూడా మొదటి నుంచీ అలా లేదు. పాత ఇంగ్లీషులో నాన్న అన్నదమ్ముడికి ఒక మాట, అమ్మ అన్నదమ్ముడికి ఇంకో మాట ఉండేవి. 1066లో నార్మన్లు వచ్చాక ఫ్రెంచి మాట "అంకుల్" వచ్చి రెండిటినీ తోసేసింది. ఆ మాట లాటిన్‌లో అసలు మేనమామకే చెందింది. అక్కడి ఇళ్లలో మేనమామ, బాబాయి తేడాతో పని లేకుండా పోయింది, ఒక మాట చాలింది. మనకు ఇంకా పని ఉంది. పిల్ల పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోబెడతారు, గుంటూరు వైపు పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది మేనమామలు, మా వైపు పెళ్లిలో ఆడబిడ్డ కట్నం ఆడబిడ్డకే ఇవ్వాలి. అంకుల్, ఆంటీ అని రాసుకుంటే గంప ఎవరు మొయ్యాలి?

నన్ను నిజంగా బాధపెట్టింది ఇంకొకటి. 8,000 ప్యాకేజీలో కొడుకుల పిల్లలు, వాళ్ల పిల్లలు ఉంటారు. కూతుళ్ల గడి మాత్రం కూతురు, అల్లుడు దగ్గర ఆగిపోతుంది. కూతుళ్ల పిల్లలు కావాలంటే ఒక్కో శాఖకు 900 అదనం. వంశం అంటే అంతే కదా మేడమ్ అన్నారు. పాత లెక్కలో అంతేనని నాకూ తెలుసు. మా బాపమ్మ మా తాత అన్నదమ్ముల ఇళ్లవాళ్లను "పాలోళ్లు" అంటుంది, పాలు అంటే వాటా. దాయాది అన్న సంస్కృతం మాటకూ అదే అర్థం, వారసత్వం తీసుకునేవాడు. భూమి పంచుకునేవాళ్లు, చావు మైల పట్టేవాళ్లు, పేరు నిలిపేవాళ్లు: చుట్టరికం మాట ఆస్తి కాగితంలా పనిచేసింది, అందులో ఆడపిల్లల పేరు లేదు. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ 1986లోనే చట్టం చేశారు, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత హైదరాబాద్‌లో కూర్చుని చేసిన ప్యాకేజీలో కూతుళ్ల పిల్లలు అదనపు ఛార్జీ కింద ఉండటం నాకు మింగుడు పడలేదు. మా ఇద్దరు అత్తమ్మలు డబ్బులు వేసినవాళ్లలో ఉన్నారు! గట్టిగా అడిగితే ఒక శాఖకు తీసేశారు, రెండోదానికి 900 కట్టాను. మొత్తం 10,600 అయింది. అన్ని కొమ్మలకూ ఒకటే రేటు పెట్టమని రాసి ఇచ్చాను, చూస్తామన్నారు.

రెండో డ్రాఫ్టు బాపమ్మ నుంచి మొదలుపెట్టి వేయమన్నాను. ఇది మీరు మొదటి రోజే తేల్చుకోవాల్సిన సంగతి: చార్టు ఎవరి వైపు నుంచి చూస్తున్నట్టు? ఆర్డర్ ఇచ్చింది నేను కాబట్టి వాళ్లు నా నుంచి వేశారు. బాపమ్మ నుంచి చూస్తే మాటలన్నీ మారిపోతాయి. ఆమె అన్న పిల్లలు మేనల్లుడు, మేనకోడలు. ఆమె చెల్లెళ్ల పిల్లలు కొడుకులు, బిడ్డలు. అదే ఆమె అన్న స్థానంలో నిలబడి చూస్తే, ఈమె పిల్లలూ ఆ చెల్లెళ్ల పిల్లలూ అందరూ మేనల్లుళ్లూ మేనకోడళ్లే. చెప్పే మనిషి ఆడా మగా అన్నదాన్ని బట్టి కూడా మాట మారుతుందని సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఆ అమ్మాయి మూడోసారి వచ్చినప్పుడు నడిపి చెల్లె కొడుకును చూపించి "ఈయన సొంత కొడుకు కాదు కదా బాపమ్మా, ఏమని రాయాలి?" అని అడిగింది. "కొడుకు గాకపోతే ఏమైతడు?" అని బాపమ్మ తిరిగి అడిగింది. కొడుకు అనే రాసింది, కింద చిన్న అక్షరాల్లో "చెల్లె కొడుకు" అని చేర్చింది. అది నాకు చాలా నచ్చింది.

మాటల ఎంపికలో కూడా మనం పట్టుబట్టాలి. వాళ్ల లిస్టులో తోడికోడలు, తోడల్లుడు ఉన్నాయి, మా ఇంట్లో యారాలు, సడ్డకుడు అంటారు. బాపమ్మకు తోడికోడలు అని చదివి వినిపిస్తే అర్థమవుతుంది కానీ ఆమె మాట కాదు. అన్నీ మార్పించాను, ఒక్కో మాటకు ఫోన్ చేసి.

ప్రింటింగ్ ఛత్తా బజార్‌లో జరిగింది. పెళ్లికార్డులకు పేరున్న ఆ గల్లీలోకి చివరి వారం నేనే వెళ్లాల్సి వచ్చింది, ఎందుకంటే పాత డీటీపీ ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు విరిగిపోయి మేనల్లుడు "మేనలుడు" అయ్యాడు. కంప్యూటర్ ముందు కూర్చున్న అన్న పాతబస్తీవాడు, తెలుగు చదవడం వచ్చు. గడులన్నీ కోరల్‌డ్రాలో చేత్తో సరిచేస్తూ, మనుమడు అని ఉన్నచోట ఆగి "పోతానా, నవాసానా?" అని అడిగాడు. ఉర్దూలో కొడుకు కొడుకు పోతా, కూతురు కొడుకు నవాసా. మనకు ఇద్దరూ మనుమళ్లే, పౌత్రుడు, దౌహిత్రుడు అని విడదీసేది పంతులుగారు ఒక్కరే. మాటల్లో మాట వచ్చింది. వాళ్లలో చచా (నాన్న తమ్ముడు), తాయా (నాన్న అన్న), మామూ (మేనమామ), ఖాలూ (అమ్మ అక్కచెల్లెళ్ల భర్త), ఫూఫా (మేనత్త భర్త) అందరికీ తలా ఒక మాట, పిల్లలకు చచాజాద్ (చచా పిల్లలు), ఖాలాజాద్ (ఖాలా, అంటే అమ్మ అక్కచెల్లెళ్ల పిల్లలు) అని తలా ఒక మాట, కానీ వీళ్లలో ఎవరి పిల్లనైనా చేసుకోవచ్చు. "మీకు ఖాలా బిడ్డ చెల్లెలు అవుతుంది కదా అక్కా, మాకు అట్ల గాదు" అన్నాడు. అప్పటిదాకా మనవి ఎక్కువ మాటలు, ఇంగ్లీషువి తక్కువ మాటలు అని గర్వంగా అనుకుంటూ ఉన్నాను. ఉర్దూలో కొన్నిచోట్ల మనకంటే ఎక్కువే ఉన్నాయి. మనం ఎవరిని ఎవరితో కలిపి ఒకే మాట పెట్టామన్నది కూడా అంతే చెబుతుంది. ఆయన అక్కా, బావా గడుల మధ్య రెండు కొమ్మలు కలిసేలా జంట గీత గీసి ఇచ్చాడు, సాఫ్ట్‌వేర్ చేయలేని పని పది నిమిషాల్లో అయిపోయింది.

కాన్వాస్ నాణ్యత బాగుంది, రంగులు నిలిచేలా ఉన్నాయి, అక్షరం బాపమ్మకు కళ్లద్దాలతో చదవగలిగేంత ఉంది. ఫ్రేము టేకు అన్నారు, టేకు కాదు. 5కి 3 ఇస్తున్నాను. ఆ అమ్మాయి ఒక్కదానికే అయితే 5 ఇచ్చేదాన్ని. మీరు చేయించుకుంటే ముందే ఇంట్లో వాడే పిలుపులన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, ఎవరి నుంచి చూస్తున్నామో పైన రాయండి, మేనరికాలు ఎక్కడున్నాయో ఎర్రపెన్నుతో గీయండి, కూతుళ్ల శాఖల రేటు ముందే మాట్లాడుకోండి.

చార్టు ఇప్పుడు హాల్లో ఉంది. కింది వరసలో మా అమ్మాయి గడి పక్కన ఖాళీ చోటు ఉంది, దానికి అక్కా చెల్లీ అన్నా తమ్ముడూ లేరు, రేపు దాని పిల్లలకు ఇంట్లోంచే ఒక పిన్ని, ఒక మేనమామ ఉండరు. బాపమ్మ ఆ ఖాళీ చూసి, కాక కొడుకును చూపిస్తూ "వీడే మేనమామ, గీత ఇటు గీయమను" అంది. వాడు నాకు తమ్ముడు, మా అమ్మాయికి మామ. దాని పిల్లలకు తాత వరస అవుతాడని చెప్పాను, వినలేదు. అమ్మమ్మ వైపు చార్టుకు అడ్వాన్స్ కట్టాను, అదే అమ్మాయిని పంపమని చెప్పాను, గుంటూరు మాటల కాగితం ఈసారి మా అమ్మ రాస్తోంది.